పడిన మనిషికి వీపు చూపి

కౌలాలంపూర్‌లో నేను మంచు కొండ మీద ఉద్యోగం చేశానంటే మన తెలుగు సంఘం పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారు. "ఐస్ ఫ్యాక్టరీలోనా ఆంటీ?" అని అడుగుతారు, పాపం, మర్యాదగానే. కాదు నాయనా. నిజంగా కొండే. ఒక పెద్ద మాల్ లోపల, పైకప్పు కింద, యంత్రాలతో మంచు కురిపించి వాలుగా కట్టిన కొండ. జనం కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు బిగించుకుని దాని మీద జారేవారు. బయట చొక్కా పిండితే చెమట కారే వేడి. లోపల ముక్కు ఉందో ఊడిందో తెలియని చలి. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను.

ఆ ఉద్యోగంలో చెప్పుకోదగ్గ రోజులు చాలా ఉన్నాయి కానీ నేను మాత్రం ఒక్క రోజు గురించే చెబుతాను. ఆ రోజు నా స్నేహితురాలు వాలు మధ్యలో పడి కాలు విరగ్గొట్టుకుంది. అందరికన్నా దగ్గరగా ఉన్నది నేనే. నన్ను పేరుపెట్టి కాదు, అక్కా అని పిలిచింది. నేను ఆమె దగ్గరికి వెళ్లలేదు. వీపు తిప్పి ఎదురు దిక్కుకు వెళ్లాను. ఆ తర్వాత ఆమె నాతో మళ్లీ మనసు విప్పి మాట్లాడుతుందా లేదా అన్నది చాలా కాలం నాకు అన్నం సహించనివ్వని ప్రశ్న అయింది.

మొదట్నుంచీ చెబితే గానీ ఇది అర్థం కాదు.

నేను పుట్టింది ఈ దేశంలోనే, ఉత్తరాన సుంగై పెటాని అనే ఊరి దగ్గర రబ్బరు ఎస్టేటులో. పెరిగాక ఆ ఊళ్లోనే ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేరాను. ఫ్యాక్టరీ మూతపడేసరికి నాకు యాభై దాటాయి. కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్న మా చెల్లెలు, "ఇక్కడికి రా, ఏదో ఒకటి దొరక్కపోదు" అంది. దొరికింది ఇదీ. బూట్లు అద్దెకిచ్చే కౌంటరుకి మనుషులు కావాలన్నారు. బూట్లే కదా అనుకున్నాను. చేరాక చెప్పారు, ఇక్కడ పనిచేసే ప్రతివాళ్లూ స్కీయింగ్ నేర్చుకోవాలని, వంతులవారీగా వాలు మీద కాపలా తిరగాలని. నా వయసులో ఆడవాళ్లు జారిపడకుండా స్నానాల గదిలో చాప వేయించుకుంటారు. నేను జారడం నేర్చుకోవడానికి సంతకం పెట్టాను.

నాతోపాటు చేరిందే ఆ అమ్మాయి. నాకన్నా చాలా చిన్నది. తల్లి వైపు తెలుగు, తండ్రి తమిళం. తమిళమే ఎక్కువగా నోట్లో ఆడేది, ఇక్కడి అలవాటుగా మాట చివర ఊరికే ఒక "లా" తగిలించేది, కానీ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు నాతో మాట్లాడేది, పాత మాటలతో సహా. ఆ మాటలు వినగానే మా అమ్మ గుర్తొచ్చి ఆమె మీద ప్రాణం పెట్టేశాను. పొద్దున్నే కేఎల్ సెంట్రల్ స్టేషన్‌లో కలుసుకుని రైల్లో ఒకే పెట్టె ఎక్కి, ఒకే పక్కన కూర్చుని పనికి వెళ్లేవాళ్లం.

మొదటి రోజే మా పరువు పోయింది. మంచు గది తలుపు దగ్గర, ఎవరూ చెప్పకుండానే, అందరం చెప్పులు విప్పి వరసగా పెట్టి మేజోళ్లతో లోపలికి నడిచాం. లోపలికెళ్లాక గానీ తెలియలేదు కాళ్లు ఎక్కడ పెట్టామో. మా కోచ్ హిమాలయాల దిక్కునుంచి వచ్చినవాడు, చిన్నప్పట్నుంచీ మంచులో తిరిగినవాడు. ఆ చెప్పుల వరస చూసి, "ఇది గుడి కాదమ్మా" అన్నాడు ఇంగ్లీషులో. నవ్వలేదు. ఆయన నవ్వడం తక్కువ.

ఆ తర్వాత భాష. స్కీ చేసేవాళ్లకి వాళ్ల మాటలు వేరే ఉన్నాయి. రెండు స్కీల ముందు కొనలు దగ్గరగా పెట్టి నెమ్మదిగా దిగితే పిజ్జా. పక్కపక్కన నిటారుగా పెట్టి దూసుకుపోతే ఫ్రెంచ్ ఫ్రైస్. నాకు జీవితాంతం పిజ్జానే. పడినప్పుడు స్కీలు ఓ దిక్కు, చేతికర్రలు ఓ దిక్కు, టోపీ ఓ దిక్కుకి ఎగిరిపోతే యార్డ్ సేల్. పసార్ మాలంలో, అంటే ఇక్కడి రాత్రి సంతలో, సామాను పరిచినట్టు ఉంటుంది చూడ్డానికి. పైనుంచి బయలుదేరేవాడు "డ్రాపింగ్!" అని అరుస్తాడు. అంటే ఇప్పుడే వదులుతున్నాను, ఇక ఆగను, దారిలోకి రావద్దని. ఇక హెల్మెట్‌కీ కళ్లద్దాలకీ మధ్య నుదురు కనిపించేలా పెట్టుకునే తెలియని మనిషిని గేపర్ అని వెక్కిరిస్తారు. అందరికన్నా పెద్ద గేపర్‌ని నేనే. ఆ అద్దాలు కిందికి లాగితే నా బొట్టు వాటికే అంటుకుపోయేది. రెండు రోజులు అద్దెకిచ్చే అద్దాల్లో ఎర్ర బొట్లు కనబడ్డాయని ఫిర్యాదు వచ్చాక, బొట్టుకి చోటు వదిలి పెట్టుకోవడం మొదలుపెట్టాను. గేపర్ అంటే అననీ. నా నుదురు నా ఇష్టం.

ఇంకో ఆచారం కూడా ఉంది వాళ్లకి. ఇదే ఆఖరుసారి అని ఎవరూ అనరు. అంటే ఆ సారే దెబ్బ తగులుతుందట. "ఇంకో రెండు సార్లు, అందులో రెండోది మానేద్దాం" అంటారు. మనకి మాత్రమే పట్టింపులున్నాయనుకునేదాన్ని అప్పటిదాకా.

ఇంతవరకూ నవ్వులాటే. అసలు పాఠం వచ్చిన రోజు నవ్వలేదు ఎవరం.

మా వాలు నడుమ ఒక గూనిలాంటి ఉబ్బు ఉండేది. పైనుంచి వచ్చేవాడికి ఆ గూని దాటేదాకా దాని కింద ఏముందో కనబడదు. ఒకరోజు కోచ్ మమ్మల్నందరినీ వాలు మీద నిలబెట్టి, తను జారుకుంటూ వచ్చి సరిగ్గా ఆ గూని కింద దబ్బున పడ్డాడు. బోర్లా పడి కదలడం లేదు. మేము ఒక్కసారి గొల్లుమన్నాం. ఉన్నవాళ్లం ఉన్నట్టు పరుగెత్తాం. నేను ఆయన తల ఒళ్లో పెట్టుకున్నాను. పై గేటు చూసే మలాయి ఆయన, పూర్వం లారీ నడిపినవాడు, మేమంతా అన్న అనే అర్థంలో అబాంగ్ అని పిలిచేవాళ్లం, జేబులోంచి తలనొప్పికి రాసే ఆకుపచ్చ నూనె సీసా తీసి కణతలకి రుద్దాడు. నా స్నేహితురాలు ఆ గడ్డకట్టే చలిలో కోచ్‌కి చేత్తో విసురుతోంది, గాలి ఆడటం లేదేమోనని.

కోచ్ కళ్లు తెరిచాడు. దెబ్బా లేదు, ఏమీ లేదు. లేచి కూర్చుని మా అందరి మొహాలూ చూశాడు.

"ఇప్పుడు మీరంతా చచ్చిపోయారు" అన్నాడు.

ఆ తర్వాత నేర్పాడు. గూని కింద ఒక మనిషి పడితే పైవాడికి కనబడడు. చుట్టూ పదిమంది మూగితే పదిమందీ కనబడరు. వేగంగా వచ్చేవాడు గూని దాటి గాల్లో ఉండగా చూసి ఏం చేస్తాడు? కాబట్టి దగ్గర్లో ఉన్న మనిషి పడినవాళ్ల దగ్గరికి వెళ్లకూడదు. ముందు పైకి వెళ్లాలి. గూని మీద తన స్కీలు రెండూ విప్పి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా వచ్చేలా మంచులో నాటాలి. ప్రపంచంలో ఎక్కడ స్కీ చేసేవాడికైనా ఆ గుర్తు తెలుసు. కింద మనిషి పడి ఉన్నాడు, ఆగు అని. "అది నాటినాకే మీ నూనె సీసాలు" అన్నాడు అబాంగ్ వైపు చూసి.

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ నా స్నేహితురాలు ఉడికిపోయింది.

"ఏటక్కా ఇది? పడ్డోల్లని ఒగ్గీసి కొండెక్కమంతాడు! ఆల్ల దేశంలో మనుసులు ఇలాగేనా లా?"

నాకూ అలాగే ఉంది. మా ఎస్టేటులో ఎవరికైనా పాము కరిచిందన్నా, ఎవరైనా పడ్డారన్నా, రబ్బరు పాలు పట్టే బక్కెట్లు ఎక్కడివక్కడ పడేసి అందరూ పరుగెత్తేవారు. పరుగెత్తని మనిషిని ఆ తర్వాత ఎవరూ పెళ్లికి కూడా పిలిచేవారు కాదు. అదే మాట చెప్పాను.

"నానైతే సెప్పీసినాను సూడు" అంది ఆమె. "నువ్వు పడితే నాను నీ కాడికే వత్తాను. ఆ కోచ్ ఏటన్నా అననీ. నాను పడితే నువ్వూ రావాల. వత్తావా?"

"వత్తాను లా" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ, మాట మాటే కదా.

ఇక ఆ రోజు. బడి సెలవులు. కొండ మీద ఇసకేస్తే రాలనంత జనం. కోచ్ కింద చదును చోట కొత్తవాళ్లకి పాఠం చెబుతున్నాడు. పైన పెద్దపిల్లల శిక్షణ జట్టు ఒకటి వచ్చి ఉంది. వాళ్లు పిజ్జా ఎరగరు, అంతా ఫ్రెంచ్ ఫ్రైసే. గేటు దగ్గర అబాంగ్ వాళ్లని ఆపి, ముందువాళ్లు దిగిపోయాక వదులుతున్నాడు. ఆ రోజు కాపలా వంతు మా ఇద్దరిదీ.

"ఇదే ఆకరుదక్కా, ఇంక దిగిపోయి టీ తాగుదారి" అంది ఆమె పైన నిలబడి.

"నోర్ముయ్, అనకూడదని చెప్పలేదా?" అన్నాను.

పకపకా నవ్వి ముందు వదిలింది. వెనకాల నేను, నా పిజ్జాతో. గూని దాటి దిగేసరికి ఆమె నాకు కాస్త కింద ఉంది. ఎవరో సందర్శకుడు అడ్డంగా ఆమె ముందుకి వచ్చాడు. వాణ్ణి తప్పించబోయి ఒక్కసారి పక్కకి తిరిగింది. ఒక స్కీ ఎగిరిపోయింది. కర్రలు, అద్దాలు, చేతి తొడుగు అన్నీ చెల్లాచెదురు. రెండో స్కీ మాత్రం ఊడలేదు. అది మంచులో దిగబడిపోయి, కాలు దానితోనే మెలిపడింది. ఆమె వేసిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నా ఒళ్లంతా ఆమె వైపే ఉరికింది. రెండు అడుగులు వేశాను కూడా. అప్పటికే జనం నాలుగు పక్కల్నుంచీ వస్తున్నారు, తల్లులు, తండ్రులు, పిల్లలు, మా కౌంటరు వాళ్లు, జనాన్ని పైకి మోసుకెళ్లే కదిలే పట్టా నడిపే అతను. మా సిబ్బంది చేతి రేడియోలో ఎవరో ఆమె పడిందని అరిచారు. ఇంతలో నా పక్కనుంచి సర్రున ఒక మనిషి దిగి ఆమె దగ్గర ఆగాడు. చేతిలో ఆకుపచ్చ సీసా.

అబాంగ్.

"అబాంగ్! పైన గేటు ఎవరు చూస్తున్నారు?" అని అరిచాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. అంత పెద్ద మనిషి మొహం పాలిపోవడం చూశాను. గేటు తెరిచి ఉంది. పైన ఎవరూ లేరు. శిక్షణ జట్టు మాత్రం ఉంది.

"జరగండి, పక్కకి జరగండి!" అని గొంతు చించుకున్నాను, మలాయిలో, తమిళంలో, ఇంగ్లీషులో. ఒక్కళ్లు కదల్లేదు. పడిన మనిషిని చూస్తున్న జనం మాట వినరు. కింద వాళ్లందరికన్నా పైన ఉన్నది నేను ఒక్కదాన్నే. ఆమె మెడ తిప్పి నన్ను వెతుక్కుంది. చెయ్యి చాచింది.

నేను వీపు తిప్పాను.

"అక్కా! ఏటి, ఎల్లిపోతన్నావా? అక్కా!"

స్కీలు వాలుకి అడ్డంగా పెట్టి మెట్లెక్కినట్టు పక్కకి ఎక్కాలి. దిగడం చేతకానిదాన్ని కాబట్టి ఎక్కడం మాత్రం నాకు బాగానే వచ్చు. ఒక కాలు, రెండో కాలు. ఊపిరి అందడం లేదు. వెనకనుంచి పిలుస్తూనే ఉంది. ఎవరో తల్లి నన్ను తమిళంలో తిట్టింది, తోటి మనిషి కాలు విరిగితే పారిపోతోంది, ఇదేం ఆడదని. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఎక్కాను. సిగ్గుపడటం లేదు చెప్పడానికి.

గూని అంచుకి చేతులు ఆనేసరికి పైనుంచి వినబడింది, హుషారైన పిల్ల గొంతు.

"డ్రాపింగ్!"

బూట్లని స్కీలకి పట్టి ఉంచే బిగింపుల్ని కర్రతో పొడిచాను. ఒక స్కీ ఊడింది. రెండోది ఊడదే. మళ్లీ పొడిచాను, మళ్లీ. ఊడింది. రెండూ తీసుకుని అంచు మీదికి పాక్కుంటూ వెళ్లి, ఉన్న బలమంతా పెట్టి అడ్డంగా మంచులోకి దింపాను. వాటి వెనక నిలబడి చేతులు రెండూ తల మీద అడ్డంగా పెట్టాను. ఎదురుగా పై నుంచి ఒక పిల్ల బాణంలా వస్తోంది. నన్ను చూసిందో, స్కీలనే చూసిందో తెలియదు. ఒక్క విదిలింపుతో పక్కకి తిరిగి ఆగింది. మంచు అంతా నా మొహాన కొట్టింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చేతులెత్తి అరిచింది. రెండోవాడు ఆగాడు. మూడోవాడు ఆగలేక కూలబడి జారుకుంటూ వచ్చి నా స్కీని తన్నేసి నా కాళ్ల మీద పడ్డాడు. ఇద్దరం పడ్డాం, గూనికి పైనే. వాడు లేచి సారీ చెబుతూ కిందికి తొంగిచూశాడు. గూని కింద ఎంతమంది ఉన్నారో చూసి, తను తన్నేసిన నా స్కీని తనే తెచ్చి మళ్లీ నాటాడు.

కాసేపటికి కోచ్ కిందినుంచి ఎక్కి వచ్చి జనాన్ని చెదరగొట్టాడు. ఆమెని మంచు మీద లాగే పడకలో కట్టి తీసుకెళ్లారు. నేను పైనుంచి చూస్తూ నిలబడ్డాను. ఆమె ఇటు చూడలేదు. స్కీలు కదలకూడదు కాబట్టి నేను దిగలేదు.

ఆస్పత్రికి మర్నాడు ఇడ్లీలు పట్టుకెళ్లాను. కాలికి పెద్ద కట్టు. గోడవైపు తిరిగి పడుకుంది.

"ఎందుకు పైకెల్లినానో తెలుసు కదా?" అన్నాను.

"తెలుసు. అబాంగ్ సెప్పినాడు, ఏడిసినాడు కూడా" అంది. "బుర్రకి తెలుసక్కా. గానీ నాను నీ కోసం సూసినాను. నీ మొగం కనబడతాదనుకున్నాను. నీ ఈపు కనబడింది. కళ్లు మూసుకుంటే అదే వత్తంది. నానేటి సెయ్యను సెప్పు?"

ఇడ్లీలు అక్కడ పెట్టి వచ్చేశాను.

చాలా నెలలకి ఆమె తిరిగి పనిలో చేరింది, కౌంటరులో. కొద్దిగా కుంటేది. నాతో మాట్లాడేది, బూటు సైజుల గురించి, టీ గురించి. కానీ కేఎల్ సెంట్రల్‌లో వేరే పెట్టె ఎక్కేది. నాకు బాధ వేసింది. ఆ తర్వాత కోపమూ వచ్చింది. పదిమంది ప్రాణాలు దక్కాయని కోచ్ నలుగురి ముందూ చెప్పాడు, ఈవిడకి మాత్రం నా వీపే గుర్తుందా అని. కోపం వచ్చినప్పుడల్లా ఆ చాచిన చెయ్యి గుర్తొచ్చేది. ఇక ఏమనగలను?

నేను రిటైరయ్యే రోజు వచ్చింది. అందరూ కేకు తెచ్చారు. ఎవరూ ఆఖరు అన్న మాట వాడలేదు. "ఆంటీ, ఇంకో రెండు సార్లు దిగండి, రెండోది మానేద్దురు గాని" అన్నాడు కోచ్. అప్పుడు నవ్వాడు ఆయన, మొదటిసారి. నా స్నేహితురాలు ఆ మధ్యే మళ్లీ వాలు ఎక్కడం మొదలుపెట్టింది. నా వెనకే వచ్చింది, దూరంగా.

గూని దాటి నేను బాగా కిందికి వచ్చాక పైన కేక వినబడింది. నడివయసు మనిషి ఒకాయన, కొత్తవాడు, సరిగ్గా గూని కింద పడ్డాడు. ఆయన భార్య గుండెలు బాదుకుంటోంది. అందరికన్నా దగ్గర నా స్నేహితురాలే. ఆయన ఆమె వైపు చెయ్యి చాచాడు.

ఆమె ఆ చేతిని చూసింది. ఒక్క క్షణం ఆగింది.

ఆ తర్వాత వీపు తిప్పి, స్కీలు అడ్డంగా పెట్టి, అతుకుపడిన ఆ కాలు మీద బరువు మోపుతూ ఎక్కడం మొదలుపెట్టింది. ఆయన భార్య మా ఇద్దరికీ అర్థమయ్యే భాషలోనే తిట్టింది. నా స్నేహితురాలు తిరిగి చూడలేదు. అరిచింది మాత్రం నాకోసం.

"అక్కా! నువ్వు ఆయన కాడికెల్లు. పైన నానున్నాను లా!"

నేను ఎక్కి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను. చీలమండ బెణికినట్టుంది, పెద్దగా ఏమీ లేదు. కానీ ఆయనకి నొప్పికన్నా కోపం ఎక్కువగా ఉంది. "చూస్తూ చూస్తూ వదిలేసి వెళ్లిపోయింది, చూశారా?" అంటున్నాడు.

"ఆ వీపునే చూస్తూ ఉండండి" అన్నాను. "అది అక్కడున్నంతసేపూ మీకేమీ కాదు."

ఆయన చూశాడో లేదో తెలియదు. నేను మాత్రం కళ్లద్దాలు పైకి తోసుకుని, ఆమె స్కీలు నాటి చేతులెత్తేదాకా చూస్తూనే ఉన్నాను. ఆ సాయంత్రం రైలు వచ్చినప్పుడు ఆమె నా పెట్టె ఎక్కి, నా పక్కన కూర్చుంది.